పాత ఆటలకు పాతరేద్దామా?

ఇవాళ చదరంగం నేర్పే చోట్ల ఒక మాట బాగా చలామణీ అవుతోంది. “వందేళ్ళ కిందట చచ్చిపోయినవాళ్ళ ఆటలు మన పిల్లలకెందుకండీ? కంప్యూటరు వచ్చాక వాటికి కాలం చెల్లిపోయింది” అని. ఈ మాట ఉచితంగా చెప్పడం లేదు సుమా! నెల తిరిగేసరికి ఫీజు పుచ్చుకుని మరీ చెబుతున్నారు. వింటున్న తల్లులు “మాకేం తెలుసు, మాస్టారు చెప్పారంటే సరే” అని తలాడించి, పిల్లని లోపలికి పంపి, బయట మెట్లమీద కూచుంటున్నారు.

ఈ మాట తప్పు. పైగా ఖరీదైన తప్పు. ఆ ఖరీదు ఎక్కువగా చెల్లిస్తున్నది ఆడపిల్లలూ, వాళ్ళ తల్లులూను. అందుకే చదరంగం వాళ్ళ పత్రికలో రాయాల్సిన సంగతిని ఈ పేజీలో రాస్తున్నాను. ‘ఆవిడ నవలలేవో రాసుకోక చదరంగం జోలికెందుకు?’ అనేవాళ్ళు ఎలాగూ ఉంటారు. నవలలు రాసేదాన్ని గనకే అడుగుతున్నాను. నాకు ముందు రాసినవాళ్ళని చదవకుండా నేను కలం పట్టి ఉంటే, నా మొదటి నవలని మా ఇంట్లోవాళ్ళు కూడా పూర్తిగా చదివి ఉండరు.

అసలు ఆ తరగతుల్లో ఏం నేర్పుతున్నారో చూద్దాం. ఏడేళ్ళ పిల్లకి ముందుగా నాలుగెత్తుల్లో ఆట కట్టించే కిటుకు చెబుతారు. ఆ తరవాత రెండు మూడు ఆరంభాలు, పన్నెండో ఎత్తుదాకా బట్టీ. శని, ఆదివారాల్లో పోటీ. అవతలి పిల్లకి ఆ కిటుకు తెలియకపోతే మన పిల్ల గెలుస్తుంది. ఇంటిల్లిపాదికీ సంబరం. ఇంకో ఏడాది గడిచేసరికి అవతలి పిల్లలందరికీ అదే కిటుకు తెలిసిపోతుంది. పదమూడో ఎత్తులో ఎవరో పాఠంలో లేనిది ఆడతారు. అంతే, మన పిల్ల బిక్కమొహం వేస్తుంది.

ఓడి ఇంటికొచ్చాక ఆటని ఫోన్లోకి ఎక్కిస్తారు. ‘ఇక్కడ మైనస్ రెండున్నర’ అంటుంది ఫోను. ఇదుగో మంచి ఎత్తు అని బాణం గీసి చూపిస్తుంది. అది ఎందుకు మంచిదో చెప్పదు. పిల్ల అడగదు. తల్లికి తెలియదు. మాస్టారికి తరవాతి బ్యాచి వేళయింది! ఒంట్లో వేడి నూటరెండుందని థర్మామీటరు చెబుతుంది. అది మలేరియానో, టైఫాయిడో చెప్పాల్సినవాడు వైద్యుడు. థర్మామీటరుని గోడకేసి కొట్టమని నేననడం లేదు. దాన్ని తీసుకెళ్ళి వైద్యుడి కుర్చీలో కూచోబెట్టొద్దంటున్నాను.

చదరంగంలో తెలివి రెండు రకాలు. నేనిలా వేస్తే వాడలా వేస్తాడు, అప్పుడు నేనిలా కొడతాను అని లెక్క కట్టడం ఒకటి. కొట్టడానికీ పట్టడానికీ ఏమీ లేనప్పుడు ఏ పావుని ఎక్కడికి చేర్చాలో తెలియడం రెండోది. దాన్నే వ్యూహం అంటారు. మనకి ఇది కొత్త విద్యేం కాదు. ఇవాళ కూర ఏం చెయ్యాలో ఆలోచించడం మొదటి రకం. ఎనిమిది నెలల తరవాత అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాలి గనక ఏ ఖర్చు ఇప్పటినుంచే ఆపాలో చూసుకోవడం రెండో రకం. మొదటిదానికి చిక్కు లెక్కల్లాంటి పొడి ప్రశ్నలు చాలు. రెండోది అబ్బాలంటే మొదటి ఎత్తునుంచి చివరి ఎత్తుదాకా మహామహులు ఆడిన నిండు ఆటలు చదవాలి. కథ చివరి పేజీ మాత్రమే వంద నవలల్లో చదివితే నవల రాయడం వస్తుందా?

సంగీతం సంగతి చూడండి. సరళీస్వరాలు, జంటస్వరాలు, అలంకారాలు, గీతాలు, వర్ణాలు, ఆపైన కీర్తనలు. త్యాగరాజస్వామి పోయింది 1847లో. ‘పోయి ఇన్నేళ్ళయింది, శ్రుతిపెట్టె ఉందిగా, ఇంకా ఆయన కీర్తనలెందుకు?’ అని ఏ పాటల పంతులమ్మైనా అంటుందా? కీర్తనలు మళ్ళీ మళ్ళీ పాడగా పాడగా రాగం స్వరూపం మనసుకి పడుతుంది. ఆ తరవాతే సొంతంగా ఆలాపన. ఈ పోలిక నేను లాక్కొచ్చి అతికించింది కాదు. ఫ్రాన్సులో ఫిలిడార్ అనే ఆయన ఆపెరాలు కట్టిన సంగీత విద్వాంసుడు. తన కాలానికి చదరంగంలోనూ మేటి ఆయనే. అందరూ చులకనగా చూసే బంట్ల మీదే ఆట ప్రాణం ఆధారపడి ఉందని 1749లో పుస్తకం రాశాడు. సంగీతం తెలిసినవాడు గనక, చిన్న స్వరమే రాగాన్ని నిలబెడుతుందని ఆయనకి ఒకరు చెప్పాల్సిన పని లేదు.

మాటలెందుకు, ఒక ఆట చూద్దాం. 1858లో పారిస్‌లో జరిగింది. అమెరికానుంచి వచ్చిన ఇరవయ్యొక్కేళ్ళ కుర్రాడు పాల్ మార్ఫీని ఒక డ్యూకుగారు ఆపెరాకి తీసుకెళ్ళారు. తీసుకెళ్ళి నాటకం చూడనిచ్చారా? లేదు. డ్యూకుగారూ, ఇంకొక కౌంటుగారూ ఒక పక్షమై, పెట్టె సీట్లలోనే బల్ల పరిచి కుర్రాణ్ణి ఆటకి కూచోబెట్టారు. ఆట పదిహేడు ఎత్తుల్లో ముగిసింది. డ్యూకుగారి పక్షం చిత్తు.

ఎలా గెలిచాడు? పెద్దలిద్దరూ ఒక శకటుని, అదే బిషప్పుని, తొందరపడి బయటికి తెచ్చి, తెల్లగుర్రంతో మార్చుకున్నారు. అది పోయింది. తరవాత తమ మంత్రిని తీసుకొచ్చి తమ రెండో శకటుకే దారి అడ్డంగా నిలబెట్టుకున్నారు. పెళ్ళింట్లో వియ్యపురాలు గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుక్కూచుంటే లోపలివాళ్ళు లోపలే, బయటివాళ్ళు బయటే! ఎనిమిదో ఎత్తులో మార్ఫీకి ఒక బంటు ఊరికే దొరికేది. తీసుకోలేదు. అప్పటిదాకా ఇంట్లో ఉన్న గుర్రాన్ని బయటికి తెచ్చాడు. తరవాత రెండో శకటు, ఆపైన కోటకట్టి ఏనుగు. అతని పావులన్నీ పనిలోకి దిగాయి. ఆట ముగిసేసరికి డ్యూకుగారి వైపు రెండో శకటూ, ఒక ఏనుగూ పుట్టిన గడి కదల్లేదు. చివరికి మార్ఫీ తన మంత్రిని కూడా ఇచ్చేసి, మిగిలిన ఒక్క ఏనుగు, ఒక్క శకటుతో ఆట కట్టాడు.

మనవాళ్ళు మంత్రి అనే ఈ పావునే పడమటివాళ్ళు రాణి అంటారు. ఇన్నేళ్ళుగా అందరూ చప్పట్లు కొట్టేది రాణిగారు బలైపోయిన పదహారో ఎత్తుకే. నన్నడిగితే చప్పట్లు కొట్టాల్సింది ఎనిమిదో ఎత్తుకి. అందిన చిల్లర లాభాన్ని వదులుకుని, ఇంట్లో అందరినీ పనిలోకి దించిన ఆ ఎత్తులోనే గెలుపు ఉంది. ఈ ఒక్క ఆట నెమ్మదిగా చదివిన పిల్లకి ‘పావుల్ని త్వరగా బయటికి తియ్యి’ అని వందసార్లు అరవక్కర్లేదు. తియ్యకపోతే డ్యూకుగారికి పట్టిన గతి కళ్ళారా చూసింది గదా!

ఇంకొకటి. 1924, న్యూయార్కు. కాపబ్లాంకా అప్పటి జగజ్జేత, క్యూబా దేశస్థుడు. ఎదుట టార్టకోవర్. చివరికి రెండు పక్షాలకీ ఒక్కో ఏనుగు, కొన్ని బంట్లు మిగిలాయి. సాధారణంగా ఎవరైనా ఏం చేస్తారు? ఉన్న బంట్లని కాపాడుకుంటూ కూచుంటారు. కాపబ్లాంకా వాటిని వదిలేశాడు. అవతలి ఏనుగు ఒక బంటుని తిని చెక్ చెప్పింది. ఇంకొక బంటుని తిని మళ్ళీ చెక్ చెప్పింది. ఈయన రాజు మాత్రం తొణక్కుండా నడుచుకుంటూ శత్రువు ఇంట్లోకి వెళ్ళిపోయాడు. దారిలో నల్లబంటు ఒకటి చేతికి అందేలా ఉంది. దాన్నీ తినలేదు. ఎందుకని? ఆ బంటు ఉన్నంతసేపూ నల్ల ఏనుగు చెక్కులు చెప్పడానికి దారి ఉండదు. శత్రువు గోడ చాటునే తలదాచుకున్నాడన్నమాట! తన రాజు, ఏనుగు, ముందుకెళ్ళిన ఒక్క బంటు, ఈ మూడూ కలిసి నల్లరాజుని మూలకి నొక్కేశాయి. పోయిన బంట్లు వడ్డీతో తిరిగొచ్చాయి. యాభై రెండో ఎత్తుకి టార్టకోవర్ చేతులెత్తేశాడు.

ఆట మొదట్లో రాజుని దాచాలి, ఆఖర్లో రాజుని నడిపించాలి అనే సూత్రం ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. సూత్రం చదివితే మర్చిపోతాం. రెండు బంట్లు పోతున్నా వెనుదిరక్కుండా నడిచిన ఆ రాజుని చూశాక మర్చిపోవడం ఎవరి తరం?

మూడో ఉదాహరణ ఇస్తాను. దీంట్లో గెలుపే లేదు. 1953లో జ్యూరిక్‌లో పదిహేనుమంది ఉద్దండులు ఒక్కొక్కరితో రెండేసిసార్లు ఆడారు. మొత్తం 210 ఆటలు. బ్రాన్‌స్టీన్ వాటన్నిటికీ వ్యాఖ్య రాసిన పుస్తకాన్ని చదరంగం చదివేవాళ్ళు ఇప్పటికీ నెత్తిన పెట్టుకుంటారు. అందులో రెషెవ్‌స్కీ మీద పెట్రోసియన్ ఆడిన ఆట ఒకటుంది. రెషెవ్‌స్కీ తెల్లబంట్లు బోర్డు మధ్యలోంచి తోసుకొస్తున్నాయి. పెట్రోసియన్‌కి ఊపిరాడ్డం లేదు. వాటికి అడ్డంగా ఒక మంచి గడిలో తన గుర్రాన్ని నిలబెడితే గండం గడుస్తుంది. కానీ గుర్రం వెళ్ళే దారిలో తన ఏనుగే ఉంది. అప్పుడాయన ఇరవయ్యయిదో ఎత్తులో ఆ ఏనుగుని ఒక గడి ముందుకి జరిపాడు. ఎక్కడికి? తిన్నగా శత్రు శకటు నోటిదగ్గరికి! తింటే తిననీ. ఏనుగు పోయినా ఫరవాలేదు, దారి ఖాళీ అయింది. గుర్రం వెళ్ళి ఆ గడిలో తిష్ఠ వేసింది. తెల్లబంట్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఆట సమానంగా ముగిసింది.

ఓడిపోయే ఆటని నిలబెట్టుకోవడం గెలుపు కంటే తక్కువా? ఏనుగు పెద్దది, గుర్రం చిన్నది అని మొదటిరోజు నేర్పిన లెక్క ఎక్కడ పనిచెయ్యదో ఆ ఒక్క ఎత్తు చెబుతుంది. మన ఇళ్ళల్లో నగ కుదువపెట్టి పొలం నిలుపుకున్న అమ్మమ్మలకి ఈ ఎత్తు విడమరిచి చెప్పక్కర్లేదు. ఫోను ఇప్పుడు ఈ ఆటకి ఏ అంకె వేస్తుందో నాకనవసరం. ఆ అంకెలో నాకు పెట్రోసియన్ ఆలోచన దొరకదు.

ఇప్పుడు అవతలి పక్షంవాళ్ళ అస్త్రాలు చూద్దాం. వాళ్ళ బ్రహ్మాస్త్రం ఆల్ఫాజీరో. 2017లో గూగుల్ వారి డీప్‌మైండ్ తయారుచేసిన ఈ యంత్రానికి ఆట నియమాలు మాత్రమే చెప్పారు. పాత ఆట ఒక్కటీ చూపించలేదు. తనతో తానే ఆడుకుని, కొన్ని గంటల్లోనే అప్పటి మేటి యంత్రాన్ని మించిపోయింది. ‘మరి పాత ఆటలు చూడకుండానే అంతటిదైందిగా?’ అంటారు. నిజమే, అయింది. ఎన్ని ఆటలాడి? సుమారు నాలుగు కోట్ల నలభై లక్షల ఆటలు! మీ అమ్మాయి బడి మానేసి, రోజుకి పది ఆటల చొప్పున, పండగా పబ్బం లేకుండా అరవయ్యేళ్ళు ఆడినా రెండు లక్షల పందొమ్మిది వేలు దాటవు. యంత్రానికి ఉన్న ఓపిక మనిషికి లేదు. మనిషికి ఉన్నది వేరే ఆస్తి. ఒకరు పడ్డ పాట్లు ఇంకొకరు చదివి తెలుసుకోవచ్చు. ఆ ఆస్తిని చెత్తబుట్టలో వేసి, యంత్రంలా బతకమని పిల్లకి చెప్పడం ఏం న్యాయం?

రెండో అస్త్రం: ‘పాతవాళ్ళు తప్పులాడారు. వాళ్ళని చదివితే తప్పులే వస్తాయి.’ తప్పులాడారు, కాదనను. పెద్దల మాట చద్దిమూటే గానీ, చద్దిమూటనైనా వాసన చూసి తినమనే మా అమ్మమ్మ చెప్పేది. పాత ఆటల్ని పూజగదిలో పెట్టి హారతివ్వమని ఎవరన్నారు? వాదించండి. తప్పు పట్టండి. డ్యూకుగారి తప్పు చూసేగా ఇందాక మనం పాఠం నేర్చుకున్నాం! ఇవాళ్టి మేటి ఆటగాళ్ళు ఇద్దరు ఆడితే తప్పు ఇరవయ్యో ఎత్తులో వెంట్రుకవాసిలా ఉంటుంది. చిన్నపిల్లకి కనబడదు. పాత ఆటల్లో తప్పూ ఒప్పూ రెండూ కొట్టొచ్చినట్టు కనబడతాయి. అక్షరాలు దిద్దించేటప్పుడు పలకమీద పెద్దవిగా రాసిస్తాం ఎందుకు?

పైగా పాతది అంతా పనికిరానిది కూడా కాదు. 1891లో స్టైనిట్జ్ ఒక ఆటలో గుర్రాన్ని బోర్డు అంచుకి తోశాడు. చూడ్డానికి వికారమైన ఎత్తు. దాదాపు డెబ్భయ్యేళ్ళ తరవాత, 1963లో, అమెరికా కుర్రాడు బాబీ ఫిషర్ పాత ఆటలు తిరగేసి అదే ఎత్తుని బయటికి తీసి, గ్రాండ్‌మాస్టరు మీద ప్రయోగించి గెలిచాడు. 1972లో జగజ్జేత అయిన ఫిషర్, రష్యన్‌వాళ్ళ ఆటలు చదవడానికి రష్యన్ భాష నేర్చుకున్నవాడు. కాస్పరోవ్ తనకి ముందరి జగజ్జేతల ఆటల మీద 2003 నుంచి అయిదు సంపుటాలు రాశాడు. పోల్గార్ అక్కచెల్లెళ్ళు పెరిగిన బుడాపెస్టు ఇంట్లో పాత ఆటలు కార్డులమీద ఎక్కించి దొంతులు దొంతులుగా పేర్చి ఉండేవి. వీళ్ళకి లేని తొందర మన వీధి చివర తరగతికి ఎక్కణ్ణించి వచ్చింది? చెప్పనా? పాత ఆట ఒకటి చెప్పాలంటే మాస్టారు ముందురోజు రాత్రి కూచుని చదువుకోవాలి. కిటుకు చెప్పడానికి ఆ కష్టం లేదు. అందరు మాస్టార్లూ ఇంతేనని నేననను. చెప్పేవాళ్ళు చెబుతూనే ఉన్నారు. వాళ్ళకి నా నమస్కారం. చెప్పనివాళ్ళు మాత్రం, తమ బద్ధకానికి కంప్యూటరు పేరు పెట్టొద్దు.

సరే, మనమేం చెయ్యాలి? చాలా తేలిక. ఎత్తులు రాసే పద్ధతికి ఎనిమిది అక్షరాలు, ఎనిమిది అంకెలు, మొత్తం అరవై నాలుగు గళ్ళు. అల్లిక పుస్తకంలో కుట్లు లెక్కపెట్టుకుని స్వెట్టర్లు అల్లిన చేతులు మనవి. పదిహేను చుక్కలు పెట్టి తప్పకుండా ముగ్గు కలిపే చేతులు. ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు, ఆ లిపి పట్టుబడుతుంది. నేను చదివింది చరిత్ర, తెలుగు. లెక్కలంటే ఆమడ దూరం. నాకే వచ్చిందంటే మీకు రాదా?

వారానికి ఒక్క ఆట తీసుకోండి. బల్లమీద పావులు పేర్చండి. ఆట రాసిన కాగితంమీద ఇంకో కాగితం కప్పండి. గెలిచినవాడి వైపు కూచుని, ‘ఇప్పుడు నువ్వయితే ఏం ఆడతావే?’ అని పిల్లని అడగండి. చెప్పింది రాసుకోమనండి. ‘ఎందుకు?’ అని కూడా అడగండి. అప్పుడు కప్పిన కాగితం ఒక గీత కిందికి జరపండి. మాస్టరు ఆడింది, పిల్ల చెప్పింది ఒకటైతే సంతోషం. వేరైతే ఇంకా సంతోషం, పాఠం అక్కడే ఉంది. ఆయన ఎందుకలా ఆడాడో ఇద్దరూ తర్జనభర్జన పడండి. మొత్తం ఆట అయ్యాక, అప్పుడు, ఆఖర్న, ఫోనుని పిలవండి. గంటన్నర, రెండు గంటలు పడుతుంది. పట్టనివ్వండి. ఒక ఆటని ఇలా చదవడం, యాభై ఆటలు వేలితో తోసుకుంటూ పోవడం కంటే మేలు. దీనికి పైసా ఖర్చు లేదు. మార్ఫీ ఫీజు అడగడు, కాపబ్లాంకాకి బ్యాచి వేళ కాదు.

ఇది తల్లుల పని కాదంటారా? విశ్వనాథన్ ఆనంద్‌కి చదరంగం నేర్పింది వాళ్ళమ్మ సుశీల గారు. వాళ్ళు మనీలాలో ఉన్న రోజుల్లో మధ్యాహ్నంపూట అక్కడి టీవీలో చదరంగం కార్యక్రమం వచ్చేది. పిల్లాడు బడిలో ఉండేవాడు. ఆవిడ టీవీ ముందు కూచుని ఆ ఆటలూ, ప్రశ్నలూ కాగితంమీద రాసిపెట్టేవారు. సాయంత్రం ఇద్దరూ కలిసి సాధించేవారు. ఆ పిల్లాడు 1988లో మన దేశానికి మొదటి గ్రాండ్‌మాస్టరు, తరవాత జగజ్జేత అయ్యాడు. మెట్లమీద కూచున్న తల్లికీ, టీవీ ముందు కాగితం పట్టుకు కూచున్న తల్లికీ తేడా చూశారా? ఈవిడ ఆటలో ఉంది.

ఇక అసలు కడుపుమంట సంగతికి వస్తాను. పాత ఆటలు చదవకపోవడం వల్ల మొదట మాయమయ్యేది ఆడవాళ్ళ ఆటలు. వెరా మెంచిక్ పేరు మీ పిల్లకి తెలుసా? 1927లో తొలి మహిళా జగజ్జేత. 1929లో కార్ల్స్‌బాడ్ పోటీకి ఆవిడ్ని పిలిస్తే, బెకర్ అనే ఆటగాడు, ఆవిడ చేతిలో ఓడినవాళ్ళందరినీ ‘వెరా మెంచిక్ క్లబ్బు’లో చేరుద్దామని వేళాకోళమాడాడు. క్లబ్బులో మొదటి సభ్యుడు ఆయనే అయ్యాడు! తరవాత 1935లో పురుషుల జగజ్జేత అయిన యూవె గారికి కూడా అందులో సభ్యత్వం ఉంది. 1944లో లండన్‌మీద పడ్డ బాంబుకి తల్లితో, చెల్లెలితో సహా ఆవిడ చనిపోయేదాకా ఆ కిరీటం ఇంకొకరికి పోలేదు. అదే కాలంలో పంజాబునుంచి సర్ ఉమర్ హయత్ ఖాన్ వెంట ఇంగ్లండు వెళ్ళిన పరివారంలో సుల్తాన్ ఖాన్ మూడుసార్లు బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. ఆయన పేరు కొందరికైనా తెలుసు. అదే పరివారంలోని ఫాతిమా అనే అమ్మాయి 1933లో బ్రిటిష్ మహిళా ఛాంపియన్ అయింది. ఆ పేరు ఎంతమందికి తెలుసు?

తెలియకపోతే ఏమవుతుందో జార్జియా దేశపు నోనా గాప్రిందాష్విలి కథ చెబుతుంది. 1962 నుంచి 1978 దాకా ఆవిడ మహిళా జగజ్జేత. 1977లో అమెరికాలో లోన్‌పైన్ పోటీలో మగవాళ్ళతో ఆడి మొదటిస్థానం పంచుకుంది. 1978లో గ్రాండ్‌మాస్టర్ బిరుదు పొందిన మొట్టమొదటి స్త్రీ. అలాంటావిడ గురించి 2020లో ‘క్వీన్స్ గాంబిట్’ అనే టీవీ ధారావాహికలో, ఆవిడ మగవాళ్ళతో ఎన్నడూ ఆడలేదని ఒక మాట అనిపించారు. కథలో అది 1968 నాటి సందర్భం. అప్పటికే ఆవిడ కనీసం యాభై తొమ్మిదిమంది మగ ఆటగాళ్ళతో ఆడి ఉంది! ఎనభయ్యేళ్ళ వయసులో ఆవిడ కోర్టుకెక్కాల్సి వచ్చింది. 2022లో రాజీ కుదిరింది. ఒక మాయ మహిళని గొప్పదాన్ని చెయ్యడానికి నిజం మహిళని చిన్నది చేశారు. రాసినవాళ్ళుగానీ, తీసినవాళ్ళుగానీ ఆవిడ ఆటలు తిరగేసి ఉంటే ఆ వాక్యం నోటికొచ్చేదా?

మన ఇంటి లెక్కా చూసుకుందాం. 2025 జులైలో దివ్య దేశ్‌ముఖ్ మన దేశానికి 88వ గ్రాండ్‌మాస్టర్ అయింది. ఆ ఎనభై ఎనిమిదిమందిలో స్త్రీలు నలుగురు. నలుగురే! ఆ నలుగురిలో మొదటి ఇద్దరూ మన తెలుగు పిల్లలు: గుడివాడ అమ్మాయి కోనేరు హంపి, గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక. చిన్న తరగతుల్లో మొగపిల్లలతో పోటీగా బల్లముందు కూచునే ఆడపిల్లలు తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఏమైపోతున్నారు? దూరం, రాత్రి ప్రయాణం, ఖర్చు, తోడు ఎవరు వెళ్ళాలి, పరీక్షలు, ‘ఇంకెన్నాళ్ళే ఈ ఆటలు?’ అనే బామ్మ. అన్నదమ్ముడికి అడ్డురానివన్నీ ఈ పిల్లకే అడ్డొస్తాయి. అలాంటి పిల్లకి తరగతి మూసేసినా మూతపడని బడి పాత ఆటల పుస్తకం. దాన్ని కూడా ‘కాలం చెల్లింది’ అని లాగేసుకుంటే ఆ పిల్లకి ఇంకేం మిగిలింది?

ఈ మాట అన్నాను గదా అని కొందరు తండ్రులు సంబరపడొచ్చు. ‘భేష్, ఆవిడే చెప్పింది, ఇంట్లో కూచుని పుస్తకం చదువుకోమను, పోటీలెందుకు?’ అని. అయ్యా, ఆ సౌకర్యం మీకివ్వను. కీర్తన నేర్చుకునేది కచేరీ చెయ్యడానికే. 2022లో మామల్లపురంలో ఒలింపియాడ్ జరిగినప్పుడు హారికకి నెలలు నిండాయి. తొమ్మిదో నెలలో వెళ్ళి బల్లముందు కూచుంది. మన మహిళల జట్టు కాంస్యం తెచ్చింది. బిడ్డ పుట్టాక కొన్నాళ్ళు ఆగిన హంపి తిరిగొచ్చి 2019లో ర్యాపిడ్ జగజ్జేత అయింది, 2024లో మళ్ళీ అయింది. వాళ్ళు వెళ్ళగలిగినప్పుడు మన పిల్ల పక్క జిల్లాకి వెళ్ళలేదా? పుస్తకం చేతిలో పెట్టండి, టిక్కెట్టు కూడా చేతిలో పెట్టండి.

ఇక మీదట ఫీజు కట్టేముందు మెట్లమీంచి లేచి లోపలికి వెళ్ళండి. మాస్టారిని గౌరవంగానే ఒక్క ప్రశ్న అడగండి: ‘ఈ నెల మా అమ్మాయికి ఎవరి ఆట చూపించారు?’ ఆయన ఒక పేరు చెప్పి, ఆ ఆటలో ఏముందో పది నిమిషాలు ఉత్సాహంగా చెబితే, అప్పు చేసైనా ఆ ఫీజు కట్టండి. ‘అవన్నీ ఇప్పుడెందుకమ్మా’ అంటే మాత్రం, ఆ డబ్బుతో ఒక బోర్డూ, ఒక మంచి పుస్తకమూ కొనుక్కుని, మిగిలింది పిల్ల పోటీ ప్రయాణానికి దాచండి.